పని చేయనన్నందుకు పన్ను: తెల్లోళ్ళు ఆఫ్రికాను ఎందుకు ఆక్రమించారు?

ఈ ఆదివారం పోస్టు కొంచెం పెద్దదే. వంట అయ్యాక, బట్టలు ఆరేశాక నెమ్మదిగా చదవండి.

మన గ్రూపుల్లో ఒక మాట తరచూ తిరుగుతుంటుంది. "ఆఫ్రికావాళ్ళకి పని చేతకాదు, బద్ధకం. అందుకే తెల్లోళ్ళు వచ్చి ఏలారు" అని. దాని కింద నవ్వే బొమ్మలు పెడతారు. నవ్వినవాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట ఎవరి నోట పుట్టిందో తెలిస్తే మనకు నవ్వు రాదు. అది తోటల దొరల మాట. ఆ దొరలు తమ తోటల్లోకి పనికి తెప్పించుకున్నది ఎవరినంటే, మన తెలుగువాళ్ళనే.

ముందు లెక్క చూద్దాం. 1870ల నాటికి ఆఫ్రికా ఖండంలో సుమారు పదో వంతు మాత్రమే యూరప్ దేశాల చేతిలో ఉంది. 1914కి వచ్చేసరికి ఇథియోపియా, లైబీరియా తప్ప దాదాపు మొత్తం వాళ్ళదే. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, బెల్జియం, పోర్చుగల్, ఇటలీ, స్పెయిన్ తలా ఒక ముక్క పట్టుకున్నాయి. అంత పెద్ద ఖండం నలభై ఏళ్ళలో చేతులు మారిపోయింది.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. యూరప్ ఓడలు ఆఫ్రికా తీరానికి అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందునుంచే తిరుగుతున్నాయి. బంగారం కొన్నారు, ఏనుగు దంతాలు కొన్నారు, మనుషుల్ని కూడా కొని అమెరికాకు తరలించారు. అన్నేళ్ళూ చాలావరకు తీరం మీదే ఉండి బేరాలు చేసుకున్నారు తప్ప లోపలికి పోలేదు. మరి ఉన్నట్టుండి రాజ్యమే కావాలని ఎందుకు అనిపించింది? వ్యాపారం చేసుకుంటే సరిపోయేది కదా?

నాకు అర్థమైనంతలో జవాబు ఇది. వ్యాపారంలో ఎదుటివాడు "ఈ రేటుకి ఇవ్వను" అనగలడు. కూలికి పిలిస్తే "రాను" అనగలడు. ఆ కాదనే హక్కు తీసేయాలంటే వ్యాపారం చాలదు, ప్రభుత్వం కావాలి. పోలీసు, కోర్టు, పన్ను చేతిలో ఉండాలి. ఇది ఊరికే అనడం లేదు, ఒక్కొక్కటీ చెబుతాను.

మొదట సరుకు సంగతి. పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పటి నైజీరియా తీరాన పామాయిల్ వ్యాపారం జోరుగా ఉండేది. యూరప్‌లో ఫ్యాక్టరీలు పెరిగాయి, యంత్రాలకు నూనె కావాలి, సబ్బులకు, కొవ్వొత్తులకు నూనె కావాలి. అక్కడ జాజా అనే ఆయన ఉండేవాడు. బానిసగా అమ్ముడుపోయిన పిల్లాడు పెరిగి పెద్ద వ్యాపారి అయ్యాడు. 1869లో ఓపోబో అనే రాజ్యం పెట్టుకున్నాడు. లోపలి ఊళ్ళనుంచి వచ్చే నూనె అంతా ఆయన మనుషుల ద్వారానే రేవుకు రావాలి, రేటు ఆయన చెప్పిందే. మధ్యలో ఇంగ్లీషు వ్యాపారులు లేకుండా నేరుగా లివర్‌పూల్‌కి సరుకు పంపడం కూడా మొదలుపెట్టాడు. 1884లో బ్రిటిష్‌వాళ్ళతో రక్షణ ఒప్పందం మీద సంతకం చేశాడు గానీ, వాళ్ళ వ్యాపారులు ఇష్టమొచ్చినట్టు లోపలికి వెళ్ళొచ్చు అన్న షరతును మాత్రం ఒప్పుకోలేదు. కాగితం చదివి సంతకం పెట్టిన మనిషి.

1887లో బ్రిటిష్ కాన్సల్ జాన్‌స్టన్ ఆయన్ని మాట్లాడుకుందాం రమ్మని ఓడ మీదికి పిలిచాడు. అక్కడే పట్టుకుని వెస్టిండీస్‌కి పంపేశారు. 1891లో తిరిగి ఊరికి వస్తూ దారిలోనే చనిపోయాడు. జాజాకి పని చేతకాదని ఎవరైనా అనగలరా? పని బాగా చేతనైనందుకే ఆయన అడ్డమయ్యాడు.

రెండోది వాళ్ళలో వాళ్ళ పోటీ. 1873 నుంచి యూరప్‌లో వ్యాపారాలు మందగించాయి. జర్మనీ, ఫ్రాన్స్ తమ సరుకును కాపాడుకోవడానికి బయటి సరుకు మీద సుంకాలు పెంచాయి. దాంతో ప్రతి దేశానికీ ఒకటే భయం, ఈ చోటు మనం పట్టుకోకపోతే పక్కవాడు పట్టుకుని తలుపు మూసేస్తాడని. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ 14 దేశాలను కూర్చోబెట్టాడు. ఆఫ్రికా గురించి జరిగిన ఆ సభలో ఆఫ్రికా తరఫున ఒక్క మనిషి లేడు. అక్కడే స్కేలు పెట్టి గీతలు గీశారని చాలామంది అనుకుంటారు. గీతలు తర్వాత ఒప్పందాల్లో గీశారు. బెర్లిన్‌లో పెట్టుకున్నవి ముఖ్యంగా ఆట నియమాలు. కాంగో, నైజర్ నదుల మీద ఎవరి ఓడలు తిరగొచ్చు, తీరంలో కొత్త చోటు మనదని చెప్పాలంటే మిగతావాళ్ళకు తెలియజేయాలి, అక్కడ నిజంగా అధికారం నడుపుతూ ఉండాలి, ఇలాంటివి. ఆ నియమాలతో పరుగు ఇంకా పెరిగింది.

మూడోది మన దేశం దారి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక లండన్ నుంచి బొంబాయికి, మద్రాసుకి, ఈ సింగపూర్‌కి దారి చాలా తగ్గింది. ఆ కాలువ ఈజిప్టులో ఉంది. 1875లో ఈజిప్టు పాలకుడు అప్పుల్లో ఉంటే అతని వాటాలను బ్రిటన్ సుమారు 40 లక్షల పౌండ్లకు కొనేసింది. 1882లో అక్కడి సైన్యంలో ఉరాబీ నాయకత్వాన తిరుగుబాటు లేస్తే సైన్యం దించి దేశాన్నే పట్టుకుంది. ఆ యుద్ధానికి ఇండియా నుంచి కూడా దళాలు వెళ్ళాయి, వాటిలో మద్రాస్ శాపర్స్ దళం ఒకటి. మనల్ని ఏలే దారి కాపాడుకోవడానికి ఈజిప్టు కావలసొచ్చింది, ఈజిప్టును పట్టడానికి మన సిపాయిలు కావలసొచ్చారు.

ఇంతకుముందు లేని ధైర్యం అప్పుడెలా వచ్చిందంటే, దానికీ కారణాలున్నాయి. మలేరియాకి క్వినైన్ దొరికింది. దాన్ని ఇచ్చే సింకోనా చెట్లను మన నీలగిరుల్లో కూడా పెంచారు. నదుల్లో ఎదురెక్కే ఆవిరి పడవలు వచ్చాయి. 1884లో మాక్సిమ్ తుపాకీ వచ్చింది. 1898లో సూడాన్‌లోని ఓందుర్మాన్ దగ్గర ఒక్క పొద్దులో పది వేలమందికి పైగా సూడానీలు చనిపోతే, అటువైపు చనిపోయింది యాభైమంది కూడా లేరు. సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగలు పడ్డాయి. ఆ తీగలకు నీళ్ళు తగలకుండా చుట్టిన గట్టా పర్చా అనే చెట్టు జిగురు ఈ చుట్టుపక్కల మలయా అడవుల్లోదే, సింగపూర్ మార్కెట్ నుంచే వెళ్ళేది. కానీ ఇవన్నీ "ఎలా" అనేదానికి జవాబులు. తుపాకీ ఉంటే గెలవొచ్చు, గెలిచి ఏం చేయాలన్నది వేరే సంగతి.

అన్నిచోట్లా గెలవలేదు కూడా. 1896 మార్చి 1న అడ్వా దగ్గర ఇథియోపియా రాజు మెనెలిక్ సైన్యం ఇటలీని చిత్తుగా ఓడించింది. అందుకే ఇథియోపియా మిగిలింది.

ఇక మన సంగతికి వద్దాం. నేల పట్టుకున్నారు సరే. ఆ నేల మీద పని ఎవరు చేయాలి?

దక్షిణ ఆఫ్రికా తూర్పు తీరంలో నేటాల్ అని ఒక చోటు. ఇప్పటి డర్బన్ ఉన్నది అక్కడే. బ్రిటిష్‌వాళ్ళు 1843లోనే దాన్ని కలుపుకున్నారు. తీరం వెంట చెరుకు బాగా పండింది. చుట్టూ జులూ జనం బోలెడుమంది ఉన్నారు. కానీ వాళ్ళు తోటల్లోకి ఏళ్ళ తరబడి కూలికి రాలేదు. ఎందుకు వస్తారు? వాళ్ళకు పశువులున్నాయి, జొన్న, మొక్కజొన్న పండే చేలున్నాయి. సొంత చేను, సొంత ఆవు ఉన్నవాడు దొర ఇచ్చే నాలుగు డబ్బులకు పొద్దున్నుంచి రాత్రి దాకా చెరుకు నరకడానికి ఎందుకు పోతాడు? మన ఊళ్ళో అయినా రెండెకరాలు తడి భూమి ఉన్న రైతు పక్కవాడి పొలంలో పాలేరుగా ఉంటాడా? దీన్నే దొరలు "బద్ధకం" అని రాసుకున్నారు. వాళ్ళ భాషలో బద్ధకం అంటే, మేం చెప్పిన రేటుకి మా దగ్గర పని చేయకపోవడం.

దానికి రెండు మందులు కనిపెట్టారు. ఒకటి పన్ను. నేటాల్‌లో 1849 నుంచే గుడిసె పన్ను వేశారు, గుడిసెకి ఏడు షిల్లింగులు. 1875లో దాన్ని రెట్టింపు చేశారు. పన్ను కట్టడానికి పశువులు అమ్ముకోవాలి, లేదా కూలికి పోయి నగదు తేవాలి. 1867 తర్వాత కింబర్లీ వైపు వజ్రాలు, 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడ్డాక గనుల్లోకి ఇంకా మనుషులు కావలసొచ్చారు. 1894లో కేప్ ప్రధానిగా ఉన్న సెసిల్ రోడ్స్ గ్లెన్ గ్రే చట్టం తెచ్చాడు. ఏడాదిలో మూడు నెలలు బయట కూలికి పోని మగవాడి మీద పది షిల్లింగుల పన్ను అందులో పెట్టాడు. చూశారా, పని చేయనన్నందుకే పన్ను! 1906లో నేటాల్‌లో తలపన్ను మీద బంబాతా అనే నాయకుడి వెనక జులూలు తిరగబడితే మూడు వేలమందికి పైగా ఆఫ్రికన్లను చంపారు.

రెండో మందు మనం. సముద్రం దాటించి తెస్తే, తిరిగి పోవడానికి దారి లేనివాడు, పక్కన సొంత చేను లేనివాడు దొరుకుతాడు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్ళినవాళ్ళు లక్షా యాభై రెండు వేలమందికి పైనే. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. వాళ్ళలో తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు ఉన్నారు. మా శ్రీకాకుళం 1936 దాకా గంజాం జిల్లాలోదే. రంగం వెళ్ళిన తాతల కథలు మా వైపు చాలా ఇళ్ళల్లో చెప్పుకుంటారు. నేటాల్ వెళ్ళినవాళ్ళ గురించి చెప్పుకోవడం తక్కువ, ఎందుకంటే చాలామంది తిరిగి రాలేదు.

వాళ్ళెందుకు ఓడ ఎక్కారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1866లో గంజాంలో కరువు. 1876 నుంచి 1878 దాకా బళ్ళారి, కర్నూలు, కడప వైపు పెద్ద కరువు, మద్రాసు రాజధానిలో లక్షలమంది పోయారు. కరువు ఉన్నా శిస్తు వసూలు ఆగలేదు. అంటే అక్కడ జులూవాడిని పన్నుతో కదిపినట్టే ఇక్కడ మనవాళ్ళను శిస్తు, కరువు, అప్పు కలిసి కదిపాయి. రెండు చోట్లా ఏలింది ఒకే దొర.

అగ్రిమెంటు ఐదేళ్ళు. ఆ మాట నోరు తిరగక "గిరిమిట్" అన్నారు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏడాదికొక షిల్లింగు పెంపు. బియ్యం, పప్పు తోటవాళ్ళే ఇచ్చేవాళ్ళు. చీటీ లేకుండా తోట దాటితే నేరం. పని మానేస్తే మామూలు బాకీ వ్యవహారంలా చూడరు, జైలుకి పంపుతారు.

ఐతే మనవాళ్ళు నోరు మూసుకుని ఉండలేదు. 1871లో గడువు ముగించుకుని మద్రాసులో దిగిన కూలీలు, ఇస్తామన్న డబ్బు ఇవ్వలేదనీ, కొట్టారనీ అధికారుల ముందు గట్టిగా ఫిర్యాదు చేశారు. దాంతో నేటాల్‌లో విచారణ జరిగేదాకా ఇండియా ప్రభుత్వం మనుషుల్ని పంపనివ్వలేదు. 1872లో కూలీ కమిషన్ వేశారు, కూలీల బాగోగులు చూసే అధికారిని పెట్టారు, 1874లోగానీ ఓడలు మళ్ళీ కదల్లేదు. చదువురాని మనుషుల మాటకి అంత పని జరిగింది.

కానీ ఐదేళ్ళయ్యాక కొందరు అక్కడే ఉండి కూరగాయలు పండించి, చేపలు పట్టి, తట్టలో పెట్టుకుని అమ్ముకోవడం మొదలుపెట్టేసరికి దొరలకు మళ్ళీ అదే బాధ. సొంత కాళ్ళ మీద నిలబడ్డ కూలీ వాళ్ళకు పనికిరాడు. 1895లో చట్టం చేశారు. గిరిమిట్ అయిపోయాక మళ్ళీ సంతకం పెట్టాలి, లేదా ఊరికి పోవాలి, రెండూ కాదంటే ఏటా మూడు పౌండ్లు కట్టాలి. మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు, మొదటి ఏడాది జీతంలో ఆరు నెలల డబ్బు. 1903లో 16 ఏళ్ళు దాటిన మగపిల్లల మీద, 13 ఏళ్ళు దాటిన ఆడపిల్లల మీద కూడా వేశారు. నలుగురున్న ఇల్లు ఏడాదికి పన్నెండు పౌండ్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది? మళ్ళీ తోటలోకే.

గమనించండి. జులూవాడిని తన చేను నుంచి తోటలోకి లాగడానికి గుడిసె పన్ను. మనవాడు తోట నుంచి తన చేనుకి పోకుండా ఆపడానికి మూడు పౌండ్ల పన్ను. జనం వేరు, రంగు వేరు, పని ఒకటే. ఆ పన్ను మీదే 1913లో గాంధీ నాయకత్వంలో న్యూకాసిల్ బొగ్గుగనుల కూలీలు పని ఆపారు, తర్వాత తీరంలో చెరుకు తోటలు ఆగిపోయాయి. కాల్పుల్లో కొందరు చనిపోయారు. 1914లో పన్ను రద్దయింది.

మంచి చెప్పుకున్నాం కాబట్టి రెండోది కూడా చెప్పుకోవాలి. మన ఓడలు దిగడం వల్ల జులూలకు నష్టం జరిగింది. "మీరు రాకపోతే వాళ్ళున్నారు" అని కూలి పెంచకుండా ఉండటానికి మనం పనికొచ్చాం. మనవాళ్ళు కొడవలి పట్టిన చెరుకు నేల ఆఫ్రికన్ల నుంచి పోయిన నేల. అప్పటి భారతీయ వ్యాపారుల అర్జీల్లో "మమ్మల్ని ఆఫ్రికన్లతో కలిపి చూడొద్దు" అన్న మాటలు ఉన్నాయి. దెబ్బలు తిన్నవాళ్ళు కూడా పక్కవాడిని తక్కువ చేసి చూశారు. నవ్వే బొమ్మలు కొత్తవేం కాదు.

పోనీ దొరలు కూలీలను తేకుండా ఉన్నచోట మేలు జరిగిందా? కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ నాగరికత నేర్పిస్తా, బానిస వ్యాపారం ఆపేస్తా అని చెప్పి అంత పెద్ద దేశాన్ని సొంత ఆస్తిలా పట్టుకున్నాడు. ఆయన ఎప్పుడూ అక్కడ కాలు పెట్టలేదు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక రబ్బరుకి గిరాకీ పెరిగింది. ఊరూరికీ ఇంత రబ్బరు తేవాలని లెక్క పెట్టారు. తేకపోతే ఆడవాళ్ళను తాకట్టుగా పట్టుకుపోయారు, చేతులు నరికారు. లక్షలమంది చనిపోయారు. ప్రపంచమంతా గొడవ చేశాక 1908లో రాజు చేతినుంచి దేశం తప్పించారు.

ఆ రబ్బరే మనల్ని ఇటువైపు తెచ్చింది. 1877లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కి 22 రబ్బరు మొక్కలు వచ్చాయి. చెట్టు చావకుండా పాలు గీసే పద్ధతిని అక్కడ రిడ్లీ అనే అధికారి తేల్చాడు. మలయాలో తోటలు లేచాయి. 1874 పాంగ్‌కోర్ ఒప్పందంతో బ్రిటిష్‌వాళ్ళు అప్పటికే పేరాక్‌లో అడుగు పెట్టి ఉన్నారు. మలయా రైతు తన వరిచేను వదిలి తోటలోకి రాలేదు. ఇక్కడ కూడా అదే ముద్ర, "మలయావాళ్ళు బద్ధకస్తులు". మళ్ళీ తమిళులను, తెలుగువాళ్ళను ఓడలెక్కించారు. ఈ బద్ధకం కథ ఎలా పుట్టిందో సింగపూర్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన సయ్యద్ హుస్సేన్ అలతాస్ 1977లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు.

మనముండే చోవా చూ కాంగ్ పేరు కూడా అలాంటి కాలానిదే. టియోచూ చైనా భాషలో చోవా ఇంటిపేరు, చూ అంటే ఇల్లు, కాంగ్ అంటే వాగు. ఆ వాగుల ఒడ్డున అడవి కొట్టి చైనా కూలీలు మిరియాలు, గాంబియర్ వేశారు. గాంబియర్ ఆకు ఉడికించి తీసిన సరుకు యూరప్‌లో తోళ్ళు ఊనడానికి పోయేది. కొన్నేళ్ళకు నేల సారం పోతే వదిలేసి ముందుకు కదిలేవాళ్ళు. ఈ ప్లాట్ల కింద ఉన్నది కూలీలు చెమటోడ్చిన నేలే.

మనం గిరిమిట్ కూలీలం అని నేను అనను. మన చేతిలో ఫోనుంది, జీతం బ్యాంకులో పడుతుంది, ఫిర్యాదు చేయడానికి ఆఫీసుంది, విమానం ఎక్కితే నాలుగైదు గంటల్లో ఇండియా. అప్పటివాళ్ళకు ఇవేవీ లేవు. ఐతే ఏజెంటు అప్పు తీరేదాకా "కాదు" అనడం ఎంత కష్టమో మనకు తెలుసు. అందుకే ఈ చరిత్ర మనకు పుస్తకాల వాళ్ళకంటే తొందరగా అర్థమవుతుంది. కాదనగలిగే మనిషిని కాదనలేని మనిషిగా మార్చడానికే అప్పట్లో రాజ్యాలు కట్టారు. ఒక జనాన్ని ఎవరైనా బద్ధకస్తులంటే, ఎవరి పని, ఎంత రేటుకి, ఎవరి నేల మీద చేయలేదని అంటున్నారో అడగండి.

చివరగా ఒక మనవి. నేటాల్ ఓడల జాబితాల్లో ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసి ఉన్నాయి. రాసినవాళ్ళకు మన పేర్లు తెలియక ఊళ్ళ పేర్లు గుర్తుపట్టలేనట్టు మారిపోయాయి. డర్బన్‌లో ఇప్పటికీ నాయుడు అన్న ఇంటిపేరుతో ఎందరో ఉన్నారు, 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఉంది. తాతల ఊరు ఏదో తెలియక వెతుక్కునేవాళ్ళున్నారు. మీ ఇంట్లో ముసలివాళ్ళుంటే ఈ వారం ఫోన్ చేసినప్పుడు అడగండి, మన ఊరినుంచి ఓడెక్కి తిరిగిరానివాళ్ళు ఎవరని. వాళ్ళు చెప్పింది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.